రాయిది ఏ ఊరు? కర్రది ఏ చెట్టు?

ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నవాళ్లకు, గాజుతొట్టిలో నాలుగు చేపల్ని పెంచుకునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహం వస్తుంది. ఊరి బయట గుట్ట కింద పడి ఉన్న రాయిని, పెరట్లో ఎండిపోయిన జామకొమ్మను తొట్టిలో పెట్టుకోవచ్చా అని. అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. బయటి వస్తువు ఏదీ వద్దు, దుకాణంలో కొన్నదే పెట్టాలి అంటారు కొందరు. చేపలు పుట్టింది వాగుల్లో, చెరువుల్లోనే కదా, అక్కడున్న రాళ్లూ కర్రలూ వాటికి ఏం హాని చేస్తాయి అంటారు మరికొందరు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా కనిపించినా రెండింటిలో ఉన్న లోపం ఒక్కటే. ఆ రాయి దేనితో తయారైంది, ఎక్కడ పడి ఉంది, ఏ నీళ్లలోకి పోతోంది అని ఇద్దరూ అడగడం లేదు. ఆ ప్రశ్నలు అడిగి, ఓపికగా పరీక్ష చేసుకుంటే, ఊరూ పేరూ తెలిసిన మన రాయి ఊరూ పేరూ తెలియని దుకాణపు రాయి కంటే నమ్మదగినదని నా అభిప్రాయం. అలా ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను.

చెరువుకూ గాజుతొట్టికీ ఉన్న తేడా దగ్గర మొదలుపెడదాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో పట్టేది 50 లీటర్ల పైచిలుకు నీళ్లు. వాగులో రాయి నుంచి ఏదైనా కరిగితే ప్రవాహం దాన్ని మోసుకుపోతుంది, వాన వచ్చి పలచన చేస్తుంది. తొట్టిలో కరిగినది తొట్టిలోనే ఉంటుంది, మనం నీళ్లు మార్చే రోజు దాకా. కాబట్టి వాగులో చేపకు పట్టని రాయి తొట్టిలో చేపను ఇబ్బంది పెట్టవచ్చు. ప్రకృతిలోది కదా, ఏం కాదులే అనే వాదానికి ఉన్న మొదటి బలహీనత ఇది. అయితే అన్ని రాళ్లూ కరగవు. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలుగా, బండమీద బండగా నిలిచి ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులో ప్రధానంగా ఉండేవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం వంటి ఖనిజాలు. ఇవి నీళ్లలో కరగడానికి పట్టే కాలంతో పోలిస్తే చేప జీవితకాలం లెక్కలోకి రాదు. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నేల మీద పరుచుకున్న నల్లరాయి, అంటే బసాల్ట్, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట లావా చల్లారగా ఏర్పడింది. అదీ చాలావరకు నీటి జోలికి పోని రాయే. కాకపోతే దాని బుడగల గుంతల్లో తెల్లటి స్ఫటికాలు నిండి ఉంటే, వాటిలో కొన్ని సున్నపు ఖనిజాలు కావచ్చు. అక్కడ మాత్రం ఆగి చూడాలి.

నీటితో తగాదా పెట్టుకునేది సున్నపురాయి. వాన నీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, తీసుకుని కొంచెం పులుపెక్కుతాయి. ఆ నీళ్లు సున్నపురాయిని కరిగించుకుంటూ పోతే బొర్రా గుహలు, బెలుం గుహలు ఏర్పడ్డాయి. గుహను తొలిచిన రసాయన చర్యే తొట్టిలోనూ జరుగుతుంది, చిన్న ఎత్తున. తొట్టిలో చేపలు ఊపిరి వదులుతాయి. వాటి మలినాల్ని సూక్ష్మజీవులు మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టేవాళ్ల తొట్టిలో పులుపు మరీ ఎక్కువ. ఎంత కరిగితే ఎంత మార్పు వస్తుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. 50 లీటర్ల నీళ్లలో 1 గ్రాము కాల్షియం కార్బనేట్ కరిగితే కాఠిన్యం లీటరుకు 20 మిల్లీగ్రాములు పెరుగుతుంది. 5 గ్రాములు కరిగితే 100 పెరుగుతుంది. కిలో బరువున్న రాయిలోంచి 5 గ్రాములు పోయినా చూపుకు రాయి అలాగే ఉంటుంది. నీళ్లు మాత్రం అలాగే ఉండవు. కాఠిన్యంతో పాటు పిహెచ్ కూడా 8 దాటే వైపు జరుగుతుంది. దానివల్ల అన్నిటికంటే పెద్ద చిక్కు అమ్మోనియాతో వస్తుంది. చేపల మలినంలోంచి వచ్చే అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి పెద్దగా హాని చేయనిది, ఇంకొకటి మొప్పల్ని దెబ్బతీసేది. నీటి వేడి 25 డిగ్రీలున్నప్పుడు, పిహెచ్ 7 దగ్గర ఆ విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పిహెచ్ 8కి చేరితే అది 5 పాళ్లు దాటుతుంది. అంటే చేపలూ అవే, మేతా అదే, మురికీ అంతే, కానీ విషం దాదాపు పది రెట్లు. మన ఎండాకాలపు వేడి దీన్ని ఇంకొంచెం పెంచుతుంది. కొత్తగా పెట్టిన తొట్టిలో చేపలు చనిపోతే నెపం జబ్బు మీద వేస్తారు. రాయి మీదికి ఎవరి దృష్టీ పోదు.

మరి సున్నపురాయిని పట్టుకోవడం ఎలా? రంగు చూసి పట్టుకోలేం. ఇళ్లలో నేలకు పరిచే నల్లటి కడప బండ చూపుకు బసాల్ట్‌లాగానో పలకరాయిలాగానో ఉంటుంది. తేలే కర్రను మునిగేలా కట్టడానికి అడుగున ఒక పలకరాయి పెట్టండి అని ఎవరో చెబితే, ఇంట్లో మిగిలిన కడప బండ ముక్కను తీసుకునేవాళ్లు ఉంటారు. అది పలకరాయి కాదు, సున్నపురాయి. తాండూరు బండ, షాబాద్ బండ, బేతంచెర్ల రాయి, పల్నాడు నాపరాయి అన్నీ ఆ కుటుంబానివే. తాండూరులో, తాడిపత్రిలో, మాచర్లలో, జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఊరికే కాదు. ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీ ఉందంటే ఆ చుట్టుపక్కల ఏరిన రాయిని ముందు అనుమానించాల్సిందే. ఒకప్పుడు బడిపిల్లల పలకలకు రాయిని ఇచ్చిన మార్కాపురం పలకరాయి వేరే జాతి, బురద గట్టిపడి ఏర్పడినది. కర్రను కట్టుకోవడానికి అది నయం. ఇక కృష్ణ ఒడ్డున ఏరిన గులకరాళ్ల సంగతి వేరు. నది తన దారిలోని అన్ని కొండల్నీ కలిపి తెస్తుంది. ఒకే గుప్పెట్లో దక్కను లావా పొరల నుంచి వచ్చిన గాజు మెరుపు రాయి, పలుగురాయి, పల్నాటి సున్నపురాయి మూడూ ఉండవచ్చు. అందుకే గుప్పెట్లోంచి ఒక్కదాన్ని పరీక్షించి మిగతావాటికి అనుమతి ఇవ్వడం తప్పు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసే లెక్క ఇక్కడ పనికిరాదు.

అందరికీ తెలిసిన పరీక్ష వెనిగర్ చుక్క. రాయిని కడిగి ఆరబెట్టి చుక్క వేస్తే నురగ వస్తుందా అని చూడటం. నురగ వస్తే అక్కడ సున్నం ఉన్నట్టే, ఆ తీర్పులో సందేహం లేదు. కానీ నురగ రాకపోతే రాయి మంచిదని తీర్పు చెప్పేస్తారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం. ఇళ్లలో వాడే వెనిగర్‌లో ఆమ్లం సుమారు 4 శాతమే, అదీ బలహీనమైనది. సున్నంతో పాటు మెగ్నీషియం కలిసిన డోలమైట్ రాయి ఆ చుక్కకు పలకదు. మేకుతో గీరి, ఆ పొడి మీద వేస్తే సన్నగా బుడగలు వస్తాయేమో, అవి కూడా భూతద్దంతో చూస్తేనే. భూవిజ్ఞానులు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. ఇంట్లో బాత్రూం కడిగే యాసిడ్‌తో ఆ పని చేయబోయి చేతులు కాల్చుకోవడం ఎవరికీ అవసరం లేదు. పైగా ఏ ఆమ్లమూ రాయిలో రాగి ఉందో సీసం ఉందో చెప్పదు. దానికంటే నమ్మదగినది, ఖర్చు తక్కువైనది రెండు బకెట్ల పరీక్ష. రెండు శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్లలో సమానంగా ఆర్వో నీళ్లో, మొదటి జల్లులు పోయాక పట్టిన వాన నీళ్లో పోయాలి. ఒకదానిలో రాళ్లు వేయాలి, రెండోదానిలో ఏమీ వేయకూడదు. మూత పెట్టి రెండు వారాలు ఉంచి, రెండింటిలో కాఠిన్యాన్ని, టిడిఎస్‌ను, అంటే నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తాన్ని, కొలవాలి. రెండో బకెట్ ఎందుకంటే, గాలి వల్లో ఆవిరి వల్లో నీళ్లలో వచ్చే మార్పు రాయి ఖాతాలో పడకుండా ఉండటానికి. పిహెచ్ ఒక్కటే చూసి తేల్చవద్దు. లవణాలు లేని నీళ్లలో పిహెచ్ గాలి తగిలినా ఊగుతుంది. కాఠిన్యం అబద్ధం చెప్పదు. రాళ్లున్న బకెట్‌లో టిడిఎస్ పదో పదిహేనో పెరిగితే అది పైన అంటిన దుమ్ము కావచ్చు, కడిగి మళ్లీ చూడండి. నీళ్లు మార్చిన ప్రతిసారీ ఎక్కుతూనే పోతుంటే ఆ రాయి కరుగుతోందన్నమాట.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. సున్నపురాయి విషమేమీ కాదు, దాన్ని ఇంత భయంకరంగా చూపించడం ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, విషం కాదు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు నీటి పిహెచ్ 9కి దగ్గరగా ఉంటుంది. అక్కడి సిక్లిడ్ చేపల్ని, మలావీ సరస్సు సిక్లిడ్లను పెంచేవాళ్లు కావాలనే సున్నపురాయి పేర్చుతారు. గప్పీలూ మోలీలూ కాస్త కఠినమైన నీళ్లలోనే హాయిగా ఉంటాయి. అదే నియాన్ టెట్రాకో డిస్కస్‌కో అమెజాన్ ప్రాంతపు మెత్తటి, పుల్లటి నీళ్లు అలవాటు. ఇంకో సంగతి, మన తెలుగు నేల మీద చాలా బోరుబావుల నీళ్లు ముందే కఠినంగా ఉంటాయి. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే ఆ నీళ్లు అప్పటికే సున్నంతో నిండి ఉన్నాయి. అలాంటి నీళ్లలో సున్నపురాయి వేసినా కరగడానికి చోటు తక్కువ, మార్పూ తక్కువే. ఆర్వో నీళ్లు పోసే ఇంట్లో ఆ రాయే పెద్ద మార్పు తెస్తుంది. అందుకే మంచి రాళ్ల జాబితా, చెడ్డ రాళ్ల జాబితా అని రాసుకోవడం మీద నాకు నమ్మకం లేదు. నీళ్లేమిటో, చేప ఏదో చెప్పకుండా రాయి మంచిదా కాదా అనడానికి వీల్లేదు. ఆర్వో నీళ్లతో చేసిన బకెట్ పరీక్షను ఇంటి కుళాయి నీళ్లతో మరోసారి చేస్తే మీ తొట్టికి సరిపడే జవాబు దొరుకుతుంది.

తెలంగాణ శ్రోతల మనసులో ఇంకో అనుమానం మెదలవచ్చు. నల్లగొండ నేలలో ఉన్నదీ గ్రానైటే కదా, ఆ రాతిలోంచే కదా బావి నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగి తరాల తరబడి ఎముకల్ని వంచింది, మరి ఆ గ్రానైట్ తొట్టిలో ఏమీ కరగదని ఎలా అంటారు? ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. భూమి లోపల నీళ్లు తాకేది నున్నటి బండను కాదు. పగిలి, చివికి, మొరంలా మారిన రాతి పొరల్ని. ఒక ఘనమీటరు మొరంలో నీటికి తగిలే ఉపరితలం ఒక ఘనమీటరు బండకు ఉన్నదానికంటే ఎన్నో వేల రెట్లు ఎక్కువ. ఆ సందుల్లో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి, పైన వానలు తక్కువ, ఆవిరి ఎక్కువ. తొట్టిలో ఉండేది పిడికెడంత గట్టి రాళ్లు మూడో నాలుగో, వాటి పక్కన నీళ్లు ఉండేది మనం మార్చేదాకా వారం రోజులు. కరగడం అనేది రాయి పేరును బట్టే కాక, ఉపరితలాన్ని బట్టీ కాలాన్ని బట్టీ ఉంటుంది. అందుకే చివికిన, చేతితో నలిపితే రాలిపోయే గ్రానైట్‌ను నేను వద్దంటాను, గట్టిదాన్ని రమ్మంటాను. మెరిసేదంతా లోహమే అన్న భయమూ అనవసరం. చీమకుర్తి నల్ల గ్రానైట్‌లో బంగారు చుక్కల్లా మెరిసేవి లోహం కాదు, సిలికేట్ స్ఫటికాలు. కానీ ఇత్తడి రంగులో గడ్డలుగా మెరిసే గంధకపు ఖనిజాలు, పచ్చటి నీలపు మరకలు, తుప్పు కారిన చారలు ఉన్న రాయిని అక్కడే వదిలేయాలి. ఆకుపచ్చ మరక అంటే చాలాసార్లు రాగి. మనిషికి ఏమీ కాని మోతాదు రాగి రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తుంది. రాగి, సీసం గనులున్న అగ్నిగుండాల వంటి చోట్ల, పాత గనుల దగ్గర తవ్విపోసిన కుప్పల్లో ఏరుకోవడం అసలే వద్దు.

రాయి దేనితో అయిందన్నది ఒక ప్రశ్న అయితే, ఇన్నాళ్లూ ఎక్కడ పడి ఉందన్నది దానికంటే తక్కువది కాదు. పత్తిచేను గట్టు మీద రాయి మేలు జాతి గ్రానైటే కావచ్చు, కానీ దాని మీద ఏటా పురుగుమందు పడుతూ ఉంటుంది. హైదరాబాద్ దాటాక మూసీలో దొరికే రాయి ఊరంతటి మురుగులో నానింది. రాయికి ఇవి చాలావరకు పైపైనే అంటుతాయి, రుద్ది కడిగితే కొంత పోతాయి. కర్ర అలా కాదు, పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని నెలల తరబడి వదులుతుంది. కాబట్టి రాయి విషయంలో చూపించగలిగే ఉదారత కర్ర విషయంలో చూపించకూడదు. ఓడరేవు దగ్గర కొట్టుకొచ్చిన దుంగ, పాత రైల్వే స్లీపర్ ముక్క, వడ్రంగి షెడ్డులో చెదమందు పట్టించిన చెక్క ఎంత అందంగా ఉన్నా తొట్టికి పనికిరావు. ఇళ్లు కట్టేచోట దొరికే గ్రానైట్ ముక్కలు బాగుంటాయి, అప్పుడే పగిలినవి కాబట్టి శుభ్రం కూడా. కానీ వాటి మీద సిమెంటు చిందులు ఉంటాయి. సిమెంటు క్షారం. గ్రానైట్ మీద వెనిగర్ వేస్తే నురగ వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లు ముందు ఆ చిందుల్ని ఉలితో చెక్కి చూడాలి.

కర్ర దగ్గరికి వద్దాం. ఇక్కడ మన భాషే మనకు ఒక మంచి కొలబద్ద ఇచ్చింది, చేవ. చెట్టు నడిమధ్య గట్టిపడిన ముదురు రంగు భాగం చేవ. దాని చుట్టూ ఉన్న లేత భాగంలో చక్కెరలు, పిండిపదార్థాలు ఉంటాయి. నీళ్లలో ముందుగా కుళ్లేది అదే. చేవ తేలిన, బెరడు ఊడిన, చెట్టు మీదో నేల మీదో బాగా ఎండిన కొమ్మ కావాలి. పచ్చి కర్ర వద్దు. గోరుతో నొక్కితే దిగబడేది వద్దు. కొత్త కర్ర తేలుతుందని బెంగపడేవాళ్లుంటారు. కర్రలోని పదార్థం నీటికంటే బరువైనదే, తేల్చేది అందులోని గాలి. గాలి పోయి నీళ్లు చేరితే ఏ కర్రైనా మునుగుతుంది. కాకపోతే తుమ్మ చేవ త్వరగా మునుగుతుంది, తేలిక కర్రకు నెలలు పడుతుంది. నానినకొద్దీ నీళ్లు టీ డికాషన్‌లా మారతాయి. తోళ్లు ఊనడానికి తుమ్మ బెరడును వాడేది అందులోని టానిన్ కోసమే. టానిన్ మురికి కాదు. అమెజాన్‌లో కలిసే రియో నీగ్రో నది నీళ్లు ఆ రంగులోనే ఉంటాయి, పిహెచ్ 5 దరిదాపుల్లో, అందులోనే కార్డినల్ టెట్రాలు పుడతాయి. ఫైటర్ చేపల్ని పెంచేవాళ్లు ఎండిన బాదం ఆకుల్ని తొట్టిలో వేసేదీ ఇందుకే. ఆ రంగు నచ్చనివాళ్లు కర్రను ఉడికించి, నీళ్లు మార్చి, మళ్లీ ఉడికించవచ్చు. మొదటి వారాల్లో కర్ర మీద తెల్లటి జిగురు పొర కడుతుంది. దాన్ని చూసి కర్రను పారేయకండి, కర్రలో మిగిలిన పోషకాల్ని తింటున్న సూక్ష్మజీవులవి. నత్తలు దాన్ని నాకేస్తాయి. అయితే కర్ర మెత్తబడి, కుళ్లిన గుడ్ల వాసన వేస్తే మాత్రం ఆ రోజే తీసేయాలి.

ఏ చెట్టు అన్న ప్రశ్నకు మన పల్లెల పాత జ్ఞానంలో సగం జవాబు ఉంది. చేపల్ని మత్తెక్కించి పట్టడానికి కాడజెముడు పాలు, మంగ కాయలు, కానుగ నీళ్లలో కలిపే పద్ధతి ఒకప్పుడు ఉండేది. చేపకు ఏది విషమో ఇంతకంటే సూటిగా చెప్పే సాక్ష్యం ఇంకేం కావాలి? పాలు కారే చెట్లన్నిటినీ, జిల్లేడు, జెముడు, మర్రి, రావి, పక్కన పెట్టడం మంచిది. అన్నింటి పాలూ ఒకే విషం కాదు, కొన్ని అసలు విషం కాకపోవచ్చు, కానీ తేల్చుకోవడానికి చేపల ప్రాణాల్ని పందెం పెట్టనక్కర్లేదు. గన్నేరు గుండెను ఆపే విషం, దాని పుల్ల కూడా వద్దు. వేపను చాలామంది మంచిదనుకుంటారు, మనకు మందు కాబట్టి. వేపలోని అజాడిరాక్టిన్ పురుగుల్ని చంపుతుంది, తగిన మోతాదులో చేపల్నీ చంపుతుంది. టేకు ఎందుకు చెదపట్టదో ఆలోచిస్తే అదీ అనుమానించాల్సిన కర్రే అనిపిస్తుంది, ఎందుకంటే చెదను తరిమే రసాయనం ఆ చేవలోనే ఉంది. కర్ర ఎంతకాలం చెడకుండా ఉంటే అంత మంచిదనే మన ఇంటి తలుపుల లెక్క తొట్టిలో తిరగబడుతుంది. నా ఓటు జామకు. ఆసియా దేశాల్లో అక్వేరియం వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న కర్ర అది. గట్టిది, మెలికలు తిరిగి ఉంటుంది, మందు కొట్టని పెరటి చెట్టైతే దాని చరిత్ర అంతా మనకు తెలుసు. చింత చేవ, తుమ్మ చేవ ఆ తర్వాత.

క్రిముల సంగతేమిటి అని అడిగేవాళ్ల భయం సబబే, కానీ అది సరైన చోట లేదు. చేపల పరాన్నజీవుల్లో చాలావాటికి బతకడానికి చేప కావాలి, తడి కావాలి. మండుటెండలో కొన్ని వారాలు ఎండిన రాయి మీద అవి నిలవవు. తడి రాయితో, నాచుతో పాటు వచ్చే నత్త గుడ్లు, చేపపిల్లల్ని తినే తూనీగ లార్వాలు నిజమైన బెడద. వాటికి ఎండే మందు. కర్రను గంటా రెండు గంటలు ఉడికించవచ్చు. రాయిని మాత్రం పొయ్యి మీద పెట్టకండి, ఓవెన్‌లో పెట్టకండి. లోపలి పగుళ్లలో చిక్కిన నీళ్లు ఆవిరై రాయి పేలి ముక్కలు మొహం మీదికి రావచ్చు. బ్రష్‌తో రుద్ది, ఎండబెట్టి, పైన మరిగే నీళ్లు పోస్తే చాలు. సముద్రపు తొట్టెల్లోని జీవమున్న రాళ్లను ఉడికించడం మరీ ప్రమాదం. వాటి మీద ఉండే కొన్ని జోయాంథిడ్ జీవుల్లోని పాలీటాక్సిన్ ఆవిరితో కలిసి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేసిన సంఘటనలు విదేశాల్లో ఒకటి కాదు, పలుమార్లు నమోదయ్యాయి.

ఇంత అవస్థ ఎందుకు, కొనుక్కుంటే పోలేదా అంటారు. దుకాణపు రాయి కూడా ఏదో కొండ నుంచి వచ్చిందే, ఏ కొండో చెప్పే చీటీ దానికి ఉండదు, అంతే తేడా. నీలం బూడిద రంగులో తెల్లటి చారలతో సేర్యూ అనే పేరుతో అమ్మే రాయి అక్వేరియం దుకాణాల్లో బాగా పేరున్నది. ఆ పేరుతో బజారులో దొరికేవాటిలో ఎక్కువ భాగం సున్నపురాయే, నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది. డబ్బు ఇచ్చామన్న కారణంగా రసాయన శాస్త్రం మనకు మినహాయింపు ఇవ్వదు. తొట్టిలో ప్రకృతిని పునఃసృష్టించే కళకు ప్రపంచమంతా గురువుగా భావించే జపాన్ కళాకారుడు తకాషి అమానో (1954–2015) చివరి పెద్ద పని లిస్బన్ అక్వేరియం కోసం చేసిన తొట్టి. 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్లు. అందులో పేర్చింది అజోర్స్ దీవుల అగ్నిపర్వతపు రాళ్లు, నిజమైన చెట్ల మొదళ్లు. సహజమైన రాయి, కర్ర ప్రమాదమనే మాట ఆ తొట్టి ముందు నిలవదు. ఎంచుకున్న లావా రాయి నీటిని పెద్దగా మార్చనిది కాబట్టి అది నిలిచింది.

నేను పూర్తిగా తలవంచే అభ్యంతరం ఒకటుంది. అందరూ వాగుకు వెళ్లి రాళ్లు తెచ్చుకుంటే వాగు ఏమవుతుంది? పారే వాగులో రాయి అడుగున నీటి పురుగుల లార్వాలు, చిన్న చేపల గుడ్లు, వాటి దాపులు ఉంటాయి. ఒక రాయి తీయడమంటే ఒక ఇంటి కప్పు లేపడం. అందుకే నీళ్లలోంచి రాయి తీయవద్దనే నా మాట, తొట్టి ఎంత చిన్నదైనా సరే. అడవి విషయంలో చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1927 భారత అటవీ చట్టం నిర్వచనంలో అడవి నుంచి తెచ్చిన కర్రే కాదు, రాయి, పైమట్టి కూడా అటవీ ఉత్పత్తే. అభయారణ్యాల నుంచి అనుమతి లేకుండా ఏదీ తేకూడదని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది, పగడపు దిబ్బల పగడాలకూ ఆ చట్టం రక్షణ ఉంది, తీరంలో విరిగి పడినదే కదా అన్న వాదన దాని ముందు చెల్లదు. శేషాచలం వైపు ఎర్రటి బరువైన కర్రముక్క కనిపిస్తే దాన్ని తాకకపోవడమే మేలు. ఇవన్నీ పోగా మిగిలేది తక్కువేమీ కాదు. హైదరాబాద్ చుట్టూ ఇంటి పునాదుల కోసం రోజూ బండల్ని పగలగొడుతున్నారు. ఆ శిలల్ని కాపాడాలని 1996లోనే ఒక సంఘం ఏర్పడిందంటే పోతున్నది ఎంతో ఊహించండి. కరీంనగర్, ఖమ్మం, చీమకుర్తి క్వారీల దగ్గర పాలిష్‌కు పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. యజమానిని అడిగి నాలుగు ముక్కలు తెచ్చుకుంటే ఏ వాగూ బోసిపోదు. పాలిష్ పట్టిన వైపు ఉన్న ముక్కలు కాకుండా, ఉలి తగిలిన గరుకు ముక్కలు ఏరుకోండి.

తెచ్చిన రాయిని తొట్టిలో పెట్టే తీరు కూడా ఒకటుంది. ఒక లీటరు పరిమాణమున్న గ్రానైట్ 2 కిలోల 600 గ్రాములకు పైగా తూగుతుంది, నీళ్లలో ఆ బరువులో ఒక కిలో తగ్గుతుంది, అయినా గాజు మీద ఒక మొన ఆనితే చాలు, పగులు అక్కడే మొదలవుతుంది. అడుగున సన్నటి థర్మకోల్ షీటు వేసి, దాని మీద రాయిని కదలకుండా కూర్చోబెట్టి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, అడుగు తవ్వే అలవాటున్న చేప ఒక రాత్రి దాన్ని గాజు మీదికి ఒరిగిస్తుంది. నీళ్లు పోశాక చేపల్ని వెంటనే వదలకండి. మొదటి రోజు కాఠిన్యం కొలిచి కాగితం మీద రాసి తొట్టి వెనక అంటించండి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి కొలిచి ఆ అంకె కింద రాయండి. మూడు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ రాయి మీ నీళ్లకు అలవాటుపడినట్టే.